హద్దు తెలియడమూ జ్ఞానమే

సూర్యాపేట మార్కెట్ యార్డులోనైనా, మిర్యాలగూడ మిల్లు ముందరైనా ధాన్యం బస్తాలన్నీ విప్పి చూడరు. గొట్టం గుచ్చి గుప్పెడు గింజలు తీసి తేమ మీటరులో పోస్తారు. సర్కారు కొనుగోలుకు తేమ 17 శాతం దాటకూడదు. లారీ లోడు మొత్తానికీ ఆ గుప్పెడే సాక్ష్యం. అంత చిన్న సాక్ష్యంతో ఎంత కచ్చితంగా తీర్పు చెప్పగలం? ఎంత తెలివైన పద్ధతికైనా ఇక్కడ దాటలేని హద్దు ఉందని 1945లో నిరూపించినవారు మన కల్యంపూడి రాధాకృష్ణారావు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తా చేరిన ఆయనకు అప్పటికి పాతికేళ్లు నిండీ నిండలేదు. స్వీడన్ గణితవేత్త హరాల్డ్ క్రామర్ విడిగా అదే ఫలితం సాధించడంతో దానికి క్రామర్–రావు హద్దు అని పేరొచ్చింది. నమూనాలో ఉన్న సమాచారమే అంచనాలో మిగిలే తప్పుకు కనీస పరిమితిని నిర్ణయిస్తుంది. ఏ పక్కకూ మొగ్గని పద్ధతేదీ దానికి దిగువకు పోలేదు.

భౌతికశాస్త్రం ఇలాంటి ప్రశ్నే ప్రకృతిని అడిగింది: ఒక చోట ఎంత సమాచారం పట్టగలదు? ఘనపరిమాణాన్ని బట్టి ఉంటుందనే ఎవరైనా అనుకుంటారు. 1970లలో బెకెన్‌స్టైన్, హాకింగ్ కృష్ణబిలాల మీద వేసిన లెక్కలు కాదన్నాయి. వ్యాసార్ధం రెట్టింపైతే ఘనపరిమాణం 8 రెట్లవుతుంది, సమాచారం మాత్రం ఉపరితలంతో పాటు 4 రెట్లే పెరుగుతుంది. చదరపు సెంటీమీటరుకు సుమారు 1 పక్కన 65 సున్నాలన్ని బిట్లు. అంతకు మించి కూర్చబోతే ఆ చోటే కృష్ణబిలమై కూలిపోతుంది. దీన్ని బట్టే 1993లో టి హూఫ్ట్, ఆ తర్వాత సస్కిండ్, లోపలి కథంతా సరిహద్దు మీదే రాసి ఉంటుందనే హోలోగ్రాఫిక్ సూత్రాన్ని ప్రతిపాదించారు. 1997లో మాల్డసీనా దానికి గణిత రూపమిచ్చారు.

రావుగారి హద్దు మన కొలతలకు, ఈ హద్దు ప్రకృతికి. రెంటినీ ముడిపెట్టడం అతి కాదా అని అడగవచ్చు. రెండూ ఒకటి కావు, నిజమే. కానీ అదే 1945 వ్యాసంలో రావుగారు సంభావ్యతల మధ్య దూరాన్ని జ్యామితిగా కొలిచారు. హోలోగ్రాఫిక్ చిత్రంలో సరిహద్దు మీద ఆ కొలమానపు క్వాంటమ్ రూపం, లోపలి గురుత్వాకర్షణలోని ఒక శక్తి పరిమాణానికి సమానమని 2015లో లష్కరీ, వాన్ రామ్స్‌డాంక్ చూపారు. బంధుత్వం పోలికలో లేదు, సమీకరణంలోనే ఉంది. ఇంకో ఆక్షేపణ బలమైనది: మాల్డసీనా గణితం సరిపోయే విశ్వం, విస్తరిస్తున్న మన విశ్వం లాంటిది కాదు; ప్రయోగ రుజువూ లేదు. అందుకే హోలోగ్రాఫిక్ సూత్రాన్ని సత్యమని కాక బలమైన ప్రతిపాదనగానే చెప్పాలి. అయినా, ఎంతవరకు తెలుసుకోగలమో లెక్కగట్టినప్పుడే గురుత్వాకర్షణ గురించి కొత్త సంగతి బయటపడింది.

కోదాడ కాలేజీల్లో ఇంటర్ రెండో ఏడాది పిల్లలు సంభావ్యత అధ్యాయాన్ని మార్కుల కోసం చదువుతారు. ఆ దారి కృష్ణబిలం అంచుదాకా పోతుందనీ, అందులో ఒక మజిలీ తెలుగువాడి పేరు మీదే ఉందనీ వాళ్లకు చెప్పడం మాస్టార్ల బాధ్యత.