తడి బురద వెతుక్కుంటూ

మే నెలలో హెసరఘట్ట చెరువుకు వెళ్తే నేను ముందు వెతికేది బురద. అర్కావతి నది మీద 1894లో కట్టిన ఆ చెరువు ఒకప్పుడు బెంగళూరుకు తాగునీళ్లిచ్చింది. ఎండలకు నీళ్లు వెనక్కి జరిగితే, నెర్రెలిచ్చిన నేలకీ మిగిలిన నీటికీ మధ్య నల్లటి పట్టీ ఒకటి బయటపడుతుంది. కాలు పెడితే మడమ దిగబడుతుంది. వేసవిలో చెరువు ప్రాణమంతా అక్కడే.

సైబీరియా వైపు నుంచి వచ్చే ఉల్లంకి పిట్టలు చాలావరకు ఏప్రిల్ ఆఖరుకే వెళ్లిపోతాయి, మళ్లీ ఆగస్టు ప్రాంతంలో గానీ రావు. దాంతో చాలామంది బైనాక్యులర్లు అటకెక్కించేస్తారు. ఇక్కడే కాపురముండే పిట్టల్ని తీరిగ్గా చూడాలంటే నాకిదే అదను. గులాబీ రంగు పొడుగు కాళ్ల స్టిల్ట్‌లు లోతులేని నీళ్లలో మేస్తుంటాయి. కంటిచుట్టూ పసుపు వలయమున్న లిటిల్ రింగ్డ్ ప్లోవర్ నాలుగడుగులు పరుగెత్తి, టక్కున ఆగి, పురుగును అందుకుంటుంది.

తీతువు సంగతి వేరు. అది గూడు అల్లదు. గులకరాళ్ల మధ్య చిన్న గుంటలో, సాధారణంగా నాలుగు గుడ్లు పెడుతుంది. నేల కాలిపోతుంటే నీళ్ల దగ్గరికెళ్లి పొట్ట ఈకలు తడుపుకొచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. మనం దగ్గరికెళ్తే అది లేస్తుంది, గుడ్లు ఎండపాలవుతాయి. అందుకే తీతువు అరిచిందంటే వచ్చిన దారినే వెనక్కి మళ్లాలి. ఫొటో పోతే పోయింది. ఆ కూతను అపశకునమనేవాళ్ల మధ్యే పెరిగాను గానీ, గుడ్లు కాచుకునే జంట పెట్టే కేకలో అశుభం నాకెక్కడా వినిపించదు.

పొద్దెక్కాక అదే బురద మీద ఎమిగ్రెంట్ సీతాకోకచిలుకలు గుంపుగా వాలి, రెక్కలు మూసి, తొండం దించుతాయి. ఎక్కువగా మగవే. పూలతేనెలో చాలినంత దొరకని ఉప్పును పీల్చుకుంటాయి. కొన్ని జాతుల్లో జతకట్టేటప్పుడు ఆ ఉప్పు ఆడదానికి, దాన్నుంచి గుడ్లకు అందుతుంది. నైరుతి రుతుపవనాలకు కాస్త ముందు బ్లూ టైగర్, క్రో సీతాకోకచిలుకలు పడమటి కనుమల నుంచి తూర్పుకు వలసపోతూ బెంగళూరును దాటుతాయి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు తలెత్తినా కనబడతాయి, అన్నీ ఒకే దిక్కుకు.

నగరంలో మాత్రం చెరువు బాగుచేయడమంటే లోతుగా తవ్వి, చుట్టూ రాతి కట్టుబడి చేసి, నడకదారి వేసి, ఏడాది పొడవునా నిండుగా ఉంచడం అయిపోయింది. ఒడ్డు నిటారుగా ఉంటే నీళ్లు తగ్గినా బురద తేలదు, స్టిల్ట్‌కు నిలబడే చోటుండదు. పాతకాలపు చెరువులు వానకు నిండి ఎండకు తగ్గేవి. తేలిన పూడికమట్టిని రైతులు పొలాలకు తోలుకునేవాళ్లు. నడిచేవాళ్లకు దారి కావాలి, కాదనను. కానీ వాననీళ్లు తెచ్చే రాజకాలువె వచ్చి కలిసే వైపైనా ఒడ్డును ఏటవాలుగా వదిలేయాలి, అక్కడ రాయి పరచకూడదు, లాన్ వేయకూడదు. మీ పేటలో చెరువు పనులు మొదలవుతుంటే ప్లాన్ అడిగి చూడండి. ఆ ఏటవాలు గీశారో లేదో చూసి, గీయకపోతే పనులు మొదలుకాకముందే గట్టిగా అడగండి.