స్పందనముల నడుమ విరామము

సాధారణముగా వాడు స్టెప్పర్ మోటారుకు 200 విద్యుత్ స్పందనములు పంపినచో అది ఒక చుట్టు తిరుగును. ఒక్కొక్క అడుగు 1.8 డిగ్రీలు. విద్యార్థులకు చెప్పునది ఇంతవరకే. స్పందనములను లెక్కించుట సులభము. వాని నడుమ ఎంత విరామముండవలెనన్నదే చిక్కు.

ఆర్డునో బోర్డులకై సిద్ధముగా వ్రాసియుంచిన ‘స్టెప్పర్’ లైబ్రరీ ఈ చిక్కును దాటవేసినది. నిమిషమునకు 300 చుట్లు కోరినచో మొదటి అడుగునకును, చివరి అడుగునకును అదే 1000 మైక్రోసెకండ్ల విరామము. తిరగలి త్రిప్పువారెవ్వరును మొదటి చుట్టునే పూర్తి వేగముతో త్రిప్పబోరు! బరువు మోయుచు నిలిచియున్న మోటారు ఆ వేగమును ఒక్కసారిగా అందుకొనలేక, గుఱ్ఱుమని అదరి, అడుగులు తప్పవచ్చును. ఆ సంగతి ప్రోగ్రామునకు తెలియనే తెలియదు. 200 పంపితినని అది తృప్తిపడును. గీతలు గీయు యంత్రము మాత్రము మరొకచోట గీయును.

డేవిడ్ ఆస్టిన్ 2005లో ప్రచురించిన వ్యాసము ఈ లోపమునకు చక్కని జవాబు. స్థిర త్వరణముతో వేగము పెంచవలెనన్న అడుగడుగునకు వర్గమూలము కట్టవలెను. చిన్న మైక్రోకంట్రోలరుకు అది భారము. ఆస్టిన్ దానిని ఒక్క భాగహారమునకు దింపెను. అడుగు సంఖ్యను నాలుగుచే గుణించి ఒకటి కలుపవలెను. వెనుకటి విరామమునకు రెట్టింపును ఆ సంఖ్యచే భాగించి, వచ్చినదానిని వెనుకటి విరామమునుండి తీసివేసిన క్రొత్త విరామము వచ్చును. మొదటిది 1000 అయినచో తరువాతది 600. వర్గమూలము కట్టి చూచిన రావలసినది 414! అయితే రెండవ అడుగు మొదలు క్రొత్తగా చేరు పొరపాటు నూటికి రెండు పాళ్లకు లోపే. కనుక మొదటి విరామమునే 0.676చే గుణించినచో తరువాతివన్నియు దాదాపు సరిపడును. ఆస్టిన్ ఈ సర్దుబాటును దాచక చెప్పెను.

మైక్ మెకాలే వ్రాసిన ‘యాక్సెల్‌స్టెప్పర్’ ఈ పద్ధతినే అనుసరించును. అందులోను 0.676 కనుపించును, వ్యాసము చదువని విద్యార్థికి అది మంత్రాక్షరమే. పూర్ణాంకములతో సాగుటకు వీలైన లెక్కను ఇందు దశాంశములతో కట్టినారు. దశాంశములకు ప్రత్యేక యంత్రాంగము లేని ఊనో బోర్డుపై సెకండుకు సుమారు 4000 అడుగులే నమ్మదగిన హద్దని రచయితయే తెలిపెను. అంతకన్న పెద్ద లోపము మరియొకటి. స్పందనమునకు వేళయైనదా యని ముఖ్య ప్రోగ్రాము మాటిమాటికి అడుగుచుండవలెను. నడుమ తెరపై అక్షరములు వ్రాయుటకు 5 మిల్లీసెకండ్లు పట్టినచో, శ్రమపడి కట్టిన విరామములు చెదరిపోవును. ఆస్టిన్ లెక్క టైమరు గణనలలోనే సాగినది. స్పందనములను టైమరుకే అప్పగించియుండవలసినది.

ఇక ఆస్టిన్ పద్ధతికే తగులు ఆక్షేపణ ఒకటి కలదు. వేగము హెచ్చినకొలది తీగచుట్టలలో విద్యుత్ప్రవాహము పూర్తిగా పెరుగుటకు వ్యవధి చాలదు. మోటారు తిప్పుబలము తగ్గును. స్థిర త్వరణమో, తుదివరకు అదే బలమును కోరును. అందుచే ఆరంభమున బలము మిగిలియున్నను, పై వేగమున అడుగు తప్పకుండుటకై మొత్తము త్వరణమును తగ్గించుకొనవలసి వచ్చును.