లోపలి నుంచి తట్టే కారం

కొరివికారం నూరిన చెయ్యి ఎన్ని చెంబుల నీళ్లతో కడిగినా మంట దిగదు. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఆడవాళ్లకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. తొడిమలు తీయడానికి కూర్చునే ముందే చేతులకు ఇంత నూనె పట్టించుకుంటారు. మందులు తయారుచేసేవాళ్లను ఏళ్ల తరబడి ఏడిపించే చిక్కొకటి ఆ మిరపకాయ ఎంత అలవోకగా దాటేసిందో, ఆ నూనె చేతుల దగ్గర మొదలుపెడితేనే అర్థమవుతుంది.

మన ఒంట్లో ప్రతి కణాన్నీ చుట్టి ఉండే పొర రెండు వరసల కొవ్వు. మందం సుమారు 5 నానోమీటర్లే. అయినా గట్టి కావలి. నూనెలో పడ్డ నీటిబొట్టు ముత్యంలా ముడుచుకుని విడిగా ఉండిపోయినట్టే, విద్యుదావేశం ఉన్న మందు ఏదైనా ఈ కొవ్వులోకి దిగలేక బయటే ఆగిపోతుంది.

మిరపలోని క్యాప్సైసిన్ అలా ఆగదు. దాని కట్టుబడి చూడండి. ఒక చివర తల, అది వెనిలా వాసననిచ్చే పదార్థానికి దగ్గరి చుట్టం. మధ్యలో పొట్టి మెడ. ఆ తరవాత కొవ్వు ఆమ్లం నుంచి వచ్చిన తోక. ఆ తోక పుణ్యమా అని నీటికి లొంగదు, కొవ్వులో మాత్రం హాయిగా కలిసిపోతుంది. కారం గింజల్లో ఉంటుందంటారు గానీ, అది పుట్టేది గింజలు అంటుకుని ఉండే తెల్లటి భాగంలో.

నొప్పి తెలిపే నరాల పొరలో టీఆర్‌పీవీ1 అనే వాకిలి ఉంది. క్యాప్సైసిన్ దాన్ని బయట నిలబడి తట్టదు. ముందు పొరలోకి దూరి, తోక పైకి, తల కిందికి పెట్టుకుని, లోపలి వైపు నుంచి పట్టుకుంటుంది. నన్ను అబ్బురపరిచే పనితనం ఇదే. అదే వాకిలి సుమారు 43 డిగ్రీల వేడికీ తెరుచుకుంటుంది. డేవిడ్ జూలియస్ బృందం దీన్ని 1997లో పట్టుకుంది. 2021 నోబెల్ బహుమతికి ఆయన్ను చేర్చింది ఈ దారే. నిప్పుకీ కారానికీ ‘మంట’ అని ఒకే మాట పెట్టుకున్న మనకు ఇందులో పెద్ద వింత లేదు. చిలకలు పండు మిరపకాయల్ని దర్జాగా కొరుక్కు తింటాయే, పక్షుల్లో ఆ వాకిలి వేడికి తెరుచుకుంటుంది గానీ కారాన్ని లెక్కచెయ్యదు.

ఇక మనిషి తెలివి. పన్ను పీకే ముందు వేసే లిడోకెయిన్ సూది నొప్పితోపాటు పెదవిని కూడా మొద్దుబారుస్తుంది. అది ఆవేశం లేని రూపంలో ఏ నరంలోకైనా జారిపోయి, నరం కబురు పంపడానికి వాడుకునే సోడియం దారిని లోపలి నుంచి మూసేస్తుంది. మంచి నరం, చెడ్డ నరం అన్న తేడా దానికి లేదు. క్యూఎక్స్-314 దాని తోబుట్టువే. కాకపోతే ఎప్పుడూ ధనావేశంతోనే ఉంటుంది కనక పొర దాటలేదు, బయట ఉంటే పనికిరాదు. 2007లో హార్వర్డ్‌లో బిన్‌ష్టాక్, బీన్, వుల్ఫ్ దీనికి క్యాప్సైసిన్‌ను తోడిచ్చి ఎలుకల మీద ప్రయోగించారు. కారం తెరిచిన వాకిట్లోంచే క్యూఎక్స్-314 లోపలికి నడిచింది. ఆ వాకిలి ఉన్నది నొప్పి నరాలకే కదా! నొప్పి పోయింది, కాళ్లు ఎప్పట్లాగే కదిలాయి. పనికిరాదని పక్కనపెట్టాల్సిన లోపాన్నే ఎంపికకు ఆయుధం చేసుకోవడం చూస్తే, ఆ ముగ్గురికీ దండం పెట్టాలనిపిస్తుంది. అయితే తలుపు తెరిచే కారం ముందు తన మంట తాను పెట్టే తీరుతుంది. దానికి బదులు లిడోకెయిన్‌తోనే ఆ తలుపు తీయించే ప్రయత్నాలు తరవాత సాగాయి.

కారమే మందైన కథ వేరే ఉంది. 8 శాతం క్యాప్సైసిన్ పట్టీకి 2009లో అమెరికా అనుమతి ఇచ్చింది. అక్కి తగ్గాక కూడా వదలని నరాల నొప్పికి దాన్ని గంటసేపు అంటిస్తారు. అంత మోతాదుకి చర్మంలోని ఆ నరాల కొసలు నీరసించి వెనక్కి తగ్గుతాయి. ఉపశమనం మూడు నెలల దాకా ఉండొచ్చు. అందులోది మన కాయల కారం కాదు, ప్రయోగశాలలో కట్టిన క్యాప్సైసిన్. గుణం మాత్రం అదే. పట్టీ అంటించే నర్సు మామూలు రబ్బరు తొడుగులు వేసుకుంటే చాలదు. అవి దాన్ని సరిగ్గా ఆపలేవు కనక నైట్రైల్ తొడుగులే వేసుకోవాలి. పట్టీ తీశాక ఆ చోటు తుడవడానికి నీళ్లు కాదు, దానికంటూ ఒక జిగురు లేపనాన్ని డబ్బాతోపాటే ఇస్తారు.