పాటిదిబ్బ మీద సీసపు కాసు

గుంటూరు, ప్రకాశం రైతుకు పాటిదిబ్బ అంటే మొదట గుర్తొచ్చేది ఎరువు. ఊరి పక్కన బూడిదరంగులో ఉబ్బెత్తుగా కనిపించే ఆ దిబ్బ నిజానికి పాడుబడ్డ పాత ఊరు. కూలిన మట్టిగోడలు, పొయ్యిల బూడిద, పేడ, ఎముకలు, పగిలిన కుండలు వందల ఏళ్లు పొరలు పొరలుగా పడి మగ్గిన మన్ను అది. భాస్వరం దండిగా ఉంటుంది. అందుకే వేసవి వస్తే బండ్లకెత్తి చేలకు తోలుకునేవారు, తర్వాత ట్రాక్టర్లు వచ్చాయి. ఆ మన్నుతోపాటే మట్టిపూసలు, నున్నటి ఎర్రపెంకులు, గుండ్రటి సీసం బిళ్లలు కూడా పత్తిచేలలోకి, మిరపతోటల్లోకి చేరాయి. తొలకరి పడి దుక్కి సాగినప్పుడు అవి పైకి తేలతాయి.

మెటల్ డిటెక్టర్ భుజానేసుకుని సెలవురోజు చేలగట్ల వెంట తిరిగే క్లబ్బులు ఇంగ్లండులో చాలా ఉన్నాయి. మన వైపు ఆ సరదా పాతుకోలేదు. ఇక్కడున్నది కంటితో ఏరే అలవాటు. తొలివాన పడగానే కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం వజ్రాల కోసం వంగి నడుస్తారు. తుపాను వెళ్లిన మర్నాడు ఉప్పాడ ఒడ్డున ఇసుకలో బంగారు తునకలు వెతుకుతారు. పల్నాడులోనూ ఒంగోలు వైపూ అంత సందడి కనిపించదు. కలుపు తీస్తూనో, పత్తి తీస్తూనో కాలికి తగిలినదాన్ని తీసి కొంగున కట్టుకోవడం, అంతే.

అయినా ఇందులో పనితనం ఉంది. ఏరేవాడు ఎండ నడినెత్తికి వచ్చాక బయల్దేరితే ఏమీ కనపడదు. పొద్దుటెండ ఏటవాలుగా పడినప్పుడే చిన్న బిళ్లకు కూడా నీడ వస్తుంది. మంచి వాన పడి, పైమన్ను కడిగేసి, నేల కాస్త ఆరిన రోజు అన్నిటికన్నా మేలు. నల్లమన్నులో ఎర్రటి కార్నీలియన్ పూస తానే కనపడుతుంది. రాగి కాసు పచ్చబడి ఉంటుంది, వెండి నల్లబడి మట్టిలో కలిసిపోతుంది. బంగారం మాత్రం నిన్న పడేసినట్టే ఉంటుంది. అసలు పరీక్ష సీసంతోనే. శాతవాహనుల నుంచి ఇక్ష్వాకుల దాకా కోస్తాలో సీసపు కాసులు విరివిగా చెలామణి అయ్యాయి. ఏనుగు, గుర్రం, సింహం, ఉజ్జయినీ గుర్తు, కొన్నిటి మీద రెండు తెరచాపకొయ్యల ఓడ. భూమిలోంచి వచ్చేటప్పుడు వాటి మీద ఈ బొమ్మలేవీ తెలియవు. ఒక్కో కాసు పొలుసులు లేచిన తెల్లటి సున్నపు పెళ్లలా ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే పరిమాణానికి మించిన బరువు తగులుతుంది. అది తెలిసిన చెయ్యి పారెయ్యదు.

ఆ తర్వాత జరిగే పనే కొంప ముంచుతుంది. ఇంటికి తెచ్చి, ఇత్తడి బిందె తోమినట్టు చింతపండు, బూడిద వేసి రుద్దుతారు. చింతపండు పులుపు సీసాన్ని తినేస్తుంది, బొమ్మంతా ఆ తెల్లపొరతోపాటే పోతుంది. చేతిలో మిగిలేది మెరిసే ముద్ద. మెత్తని కుంచెతో పొడిమన్ను దులిపి, కాయితంలో చుట్టి పెట్టడమే సరైన పద్ధతి. చెక్కబీరువాలో వద్దు, కొన్ని కొయ్యల నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి కూడా సీసానికి పడదు. ఆ తెల్లపొడి విషం కనుక చేతులు కడుక్కున్నాకే అన్నానికి కూర్చోవాలి.

మెటల్ డిటెక్టర్ సంగతికొస్తే, దాని సూత్రం చిన్నది. తీగచుట్టలో అటూ ఇటూ మారే కరెంటు పారుతుంటే చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుంది. ఆ పరిధిలో లోహం ఉంటే దానిలోనూ చిన్న ప్రవాహాలు సుడులు తిరుగుతాయి, యంత్రం వాటిని పట్టి కూస్తుంది. 1881లో తుపాకి దెబ్బ తిన్న అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ ఒంట్లో గుండు ఎక్కడుందో కనిపెట్టడానికి అలెగ్జాండర్ గ్రాహంబెల్ ఇలాంటి పరికరమే తెచ్చాడు, గుండు దొరకలేదు. మన చేలల్లో దానికి ఇంకో చిక్కు. పల్చటి బంగారు రేకూ, పురుగుమందు పొట్లం అల్యూమినియం రేకూ దానికి దాదాపు ఒకేలా వినిపిస్తాయి. మిరపతోటలో అలాంటి పొట్లాలు ఎన్ని పడి ఉంటాయో చెప్పనక్కర్లేదు. ఎద్దుల నాడాలు, మేకులు, సీసామూతలు సరేసరి. పైగా పూస, పెంకు, శాసనపు రాయి దాని చెవికి ఆనవు. పాత ఊరి కథలో సగానికి పైగా చెప్పేవి ఆ మూడే.

నల్లరేగడి స్వభావం కూడా తెలియాలి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. పైనున్న కాసు నెర్రెలోకి జారి అడుగుకు పోతుంది, అడుగున ఉన్నది ఉబ్బుకు మెల్లగా పైకి వస్తుంది. కాబట్టి రేగడిచేనులో దొరికిన లోతును బట్టి కాలం చెప్పకూడదు. పాటిదిబ్బ అలా కాదు. దాని పొరలు కదలకుండా ఉన్నంతకాలం, ఏ పొరలో ఏది ఉందన్నదే దాని వయసు చెబుతుంది.

ఎందుకింత పట్టింపు అంటే సద వంశాన్ని చూడండి. శాతవాహనుల కాలానికి అటూ ఇటుగా కృష్ణా తీరంలో ‘సద’ అన్న పేరుతో రాజులు ఉన్నారు. పురాణాల్లో వాళ్ల ఊసు లేదు. వేల్పూరు, గుంటుపల్లి శాసనాల్లో ఒకటి రెండు పేర్లు కనిపించాయి. మిగతా కథంతా సింహం బొమ్మ వేసిన సీసపు కాసులే చెప్పాయి. 1981 నుంచి 85 దాకా అమరావతి దగ్గరి వడ్డమాను కొండ మీద బిర్లా పురావస్తు సంస్థ తవ్వినప్పుడు ఆ కాసులు పొరల్లో దొరికాయి కాబట్టే వాటి ముందువెనకలు మాట్లాడుకునే వీలు కలిగింది. అవే కాసులు బజారులో తూకానికి పోయి ఉంటే సీసం ధర పలికేవి.

వినుకొండది మరో రకం పాఠం. 1889లో అక్కడ 15 రోమన్ బంగారు నాణేలు బయటపడ్డాయి. టైబీరియస్ నుంచి కారకల్లా దాకా, అంటే రెండు వందల ఏళ్ల చక్రవర్తుల బొమ్మలు.  ఇలాంటి మూటకు లెక్క ఎలా కడతారంటే, అన్నిటికన్నా కొత్త నాణెం ఏదో చూస్తారు. కారకల్లా బొమ్మ ఉంది కనుక ఆ మూట దాచింది రెండో శతాబ్ది చివరికన్నా ముందు కాదు. ఆ ఒక్క నాణేన్ని ఎవరైనా కంసాలి దగ్గర కరిగించి ఉంటే దాచిన కాలం వెనక్కి జరిగిపోయేది, ఆ తప్పు ఎవరూ పట్టలేరు. అమరావతిలో ఏడు వేలకు పైగా దొరికిన వెండి విద్ధాంక (గుర్తులు ముద్రకొట్టిన) నాణేల నిధి కూడా చెల్లాచెదరు కాకపోవడం వల్లే 1963లో పరమేశ్వరీలాల్ గుప్తా వాటి మీద పుస్తకం వెయ్యగలిగాడు.

దీనికి ఎదురుగా లంకెబిందెల పిచ్చి ఉంది. అంజనం వేసేవాడు, బలి అడిగేవాడు, ఇప్పుడు చేతిలో డిటెక్టర్ పట్టుకున్నవాడు, ముగ్గురూ ఒకే ముఠాలో ఉంటారు. రాత్రికి రాత్రి గుడి మంటపాలు పెకలిస్తారు, నంది కింద గొయ్యి తీస్తారు. పాతవాటిని పెకలించే జబ్బు కొత్తదేమీ కాదు. 18వ శతాబ్ది చివర వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు అమరావతిలో కొత్త పట్నం కట్టిస్తున్నప్పుడు, దీపాలదిన్నె అని పిలిచే దిబ్బను ఇటుక కోసం, రాయి కోసం తవ్వారు. నిజానికి అది బౌద్ధుల మహాచైత్యం. 1797 ప్రాంతంలో కల్నల్ మెకంజీ వచ్చి చూసేసరికే చాలా భాగం పోయింది. సున్నపురాతి ఫలకాలలో మిగిలినవి మద్రాసుకూ లండన్‌కూ చేరాయి. ఆ మాటకొస్తే అధికారులూ తక్కువ తినలేదు. 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో ప్రభుత్వ అనుమతితోనే నిధివేట సాగింది, నిధి మాత్రం దొరకలేదు.

దొరికిన సొత్తు ఎవరిది అన్న తగువుకు ఈ తీరంలో పాత తీర్పు ఒకటుంది. 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లిలో అభయశాసనం వేయించాడు. తుపానుకు ఓడ ఒరిగి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును అంతకుముందు రాజులు లాగేసుకునేవారు. తాను సుంకం మాత్రమే తీసుకుంటాననీ, సరుకు సొంతదారుదేననీ ఆయన రాతి మీద చెక్కించాడు. వర్తకుడికి ఆ భరోసా ఉంటేనే ఓడ ఈ రేవుకు వస్తుందని ఆయనకు తెలుసు.

మన రైతుకు కావలసింది సరిగ్గా ఆ భరోసానే. 1878 నాటి నిధుల చట్టం పైకి కనిపించినంత కఠినమైనది కాదు. పది రూపాయలకు మించిన విలువున్నది ఏది నేలలో దొరికినా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. వందేళ్లకు పైబడి దాచినదై, హక్కుదారు తేలకపోతే, వేరే ఒప్పందం లేనప్పుడు దొరికినవాడికి మూడొంతులు, భూమి యజమానికి ఒక వంతు. ప్రభుత్వం తీసుకోదలిస్తే లోహం విలువకు అయిదో వంతు కలిపి చెల్లించాలి. దాస్తే ఏడాది దాకా జైలు. ఇందులో ఊళ్లో అందరికీ తెలిసింది ఆ చివరి వాక్యం ఒక్కటే. ‘చెబితే పోలీసులొస్తారు, చేను పోతుంది’ అన్న భయంతో కాసు కంసాలి మూసలోకి పోతుంది. ఇంగ్లండులో 1997 నుంచి డిటెక్టర్ పట్టినవాళ్లు దొరికినదాన్ని అధికారికి చూపించి నమోదు చేయించే పథకం నడుస్తోంది. పది లక్షలకు పైగా వస్తువులు చిరునామాతో సహా లెక్కకెక్కాయి. అక్కడా దొంగలున్నారు, కానీ చెప్పినవాడికి మర్యాద ఉంది. మన దగ్గర చెప్పినవాడు కలెక్టరేట్ నివేదికలో ‘ఒక రైతు’గా మిగిలిపోతాడు.

ఏరేవాళ్లు చేయగలిగింది మాత్రం తేలికైనదే. రక్షిత కట్టడాల దరిదాపుల్లో గడ్డపార దించకూడదు, వాటి చుట్టూ వంద మీటర్లు నిషిద్ధం. చేనులో కాలికి తగిలితే ఆ చోట ఒక పుల్ల గుచ్చి, ఫోనులో ఫొటో తీయాలి. కాసును చుట్టిన కాయితం మీదే సర్వే నంబరు, తేదీ, పక్కన ఏమేం పెంకులు కనిపించాయో రాయాలి. కలెక్టరుకు కాగితం పెట్టి రసీదు అడగాలి. బొమ్మ ఏమిటో తెలుసుకోవాలంటే అమరావతి మ్యూజియం ఉంది, గుంటూరులో బౌద్ధశ్రీ మ్యూజియం ఉంది. చట్టంలో ఆ పది రూపాయల హద్దు నూట నలభై ఏళ్లు దాటినా మారలేదు కనుక, పాటిదిబ్బ మీద దొరికిన ఏ కాసు గురించైనా ‘ఇంత చిన్నది చెప్పాలా అండీ’ అని అడగనక్కర్లేదు.