సిరా కక్కే పెన్ను

చేత్తో చేసిన పెన్ను మొదటి రోజే చొక్కా జేబులో సిరా కక్కితే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. నాకూ మండింది. రెండేళ్లు దాన్ని సొరుగులో పడేశాను. తర్వాత ఓ పాత పనివాడి దగ్గర కూర్చుంటే తెలిసింది, చెడింది పాళీ కింద ఉండి సిరా అందించే నాలిక ఒక్కటేనని. పావుగంటలో సరిచేసి ఇచ్చాడు. ఆ రెండేళ్లకు నేను ఇప్పటికీ బాధపడతాను.

చేతి పెన్నుల మాటకొస్తే, రాజమహేంద్రవరంలో కోసూరి వెంకటరత్నం గారి స్వదేశీ పెన్నుల పని 1932 నాటిది. 1935లో గాంధీజీ ఆ పెన్ను వాడి చూసి, బజారులోని విదేశీ పెన్నులకు బదులుగా పనికొస్తుందని ఉత్తరం రాశారు. ఈ పెన్నుకు ముడిసరుకు ఎబొనైట్ కడ్డీ. రబ్బరులో గంధకం బాగా కలిపి వేడిచేస్తే గట్టిపడి తయారయ్యేది అది. కడ్డీని కోసి, లేతు మీద తిప్పుతూ లోపల తొలిచి, మరలు కోసి, నునుపు పెడతారు. అచ్చులో పోసింది కాదు గనక తేడాలు సహజం. ఒంటి మీద ఉలిగీత మిగలడం, నునుపు కాస్త తగ్గడం లోపాలే కావని నా అభిప్రాయం. రాతను ఆపేదే లోపం.

సిరా సరిగా దిగకపోతే ముందు కడగాలి. లేతు పని తాలూకు నూనె లోపల మిగిలితే సిరా జారదు. గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు ఒక్క చుక్క చాలు. మరిగే నీళ్లలో మాత్రం పెన్నును ముంచకండి, నల్లటి ఎబొనైట్ గోధుమరంగుకు తిరుగుతుంది. ఎండ కూడా అదే పని చేస్తుంది. అయినా దిగకపోతే పాళీకీ నాలికకూ మధ్య సందు ఉందేమో చూడాలి. నాలిక కూడా ఎబొనైటే. ఆ ముక్కను మాత్రం వేడినీళ్లలో కొన్ని సెకన్లు ఉంచితే మెత్తబడుతుంది. వెంటనే పాళీకి అదిమి పట్టి చల్లారనిస్తే అతుక్కున్నట్టు కూర్చుంటుంది. సిరా కక్కిన నా పెన్నుకూ జరిగిన వైద్యం ఇదే.

పాళీ కాగితాన్ని గీరుతుంటే అరగదీయడానికి తొందరపడకండి. భూతద్దంతో చూస్తే చాలాసార్లు రెండు మొనల్లో ఒకటి ఎత్తుగా కనిపిస్తుంది. పైకి లేచినదాన్ని గోటితో మెల్లగా కిందికి నొక్కితే సరిపోతుంది. అరగదీసిన లోహం తిరిగి రాదు.

ఫిల్లరుతో సిరా నేరుగా గొట్టంలో పోసే పెన్ను, సగానికి పైగా ఖాళీ అయ్యాక కక్కుతుంటే అది పనితనం లోపం కాదు. చేతి వేడికి లోపలి గాలి వ్యాకోచించి సిరాను నెడుతుంది. సగం ఖాళీ కాగానే నింపుకుంటే ఆగుతుంది. మరల దగ్గర చెమరుస్తుంటే కాస్త సిలికాన్ గ్రీజు రాయాలి.

ఇక తొలుపు పక్కకు జరిగి గొట్టం గోడ ఒకవైపు పలచబడితే అది అసలైన లోపం. జిగురుతో నిలవదు, ఏదో ఒకరోజు చిట్లుతుంది. అలాంటిదాన్ని చౌకగానైనా అమ్మకూడదు. పనివాడు దాన్ని మళ్లీ లేతు మీదికి ఎక్కించాలి. మందం ఉన్నంత మేర మిగిల్చి పొట్టి పెన్ను చేయొచ్చు, లేదా గొట్టం మార్చి మూతా పాళీ నిలుపుకోవచ్చు. మూత అంచు చిట్లితే లోహపు ఉంగరం తొడగొచ్చు. కారఖానాలో అచ్చు పోసిన పెన్ను విరిగితే చెత్తబుట్టలోకే. చేతి పెన్నుకైతే ఏ ముక్కకు ఆ ముక్క మళ్లీ పుడుతుంది. చేతిపని విలువంతా నాకు అక్కడే కనిపిస్తుంది.

మీ సొరుగులో అలాంటి పెన్ను ఉంటే తీసి, కడిగి, సిరా పోసి ఒక పేజీ రాయండి. కుదరకపోతే ఆ పేజీతో సహా చేసినవారి దగ్గరికి తీసుకెళ్లండి. పెన్ను ఎక్కడ తడబడుతోందో మీ రాత చూస్తే వారికి తెలుస్తుంది.