బెల్లానికి సున్నం, పాకానికి నిమ్మరసం

ఈ వారం ఇంటికొచ్చిన చుట్టాలు అరిసెల పెట్టె తెచ్చారు. అరిసెలు బాగున్నాయి, పెట్టె మీది రాతే మింగుడు పడలేదు: ‘పంచదార వాడలేదు. అచ్చమైన బెల్లం. షుగరు ఉన్నవాళ్ళూ నిశ్చింతగా తినొచ్చు.’ ‘కెమికల్స్ లేనివి’ అన్న బోర్డు చూస్తే నాకు ఒళ్ళు మండుతుందని ఈ కాలమ్ చదివేవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. మంచినీళ్ళూ కెమికలేనండీ అని రాసి రాసి చేతులు నొప్పెట్టాయి. ఈ పెట్టె ఆ బోర్డుకి పెద్దన్న.

పంచదార దాదాపు మొత్తం సుక్రోజే. బెల్లంలోనూ ఎక్కువ భాగం అదే. ఒక గ్లూకోజు, ఒక ఫ్రక్టోజు జతకడితే సుక్రోజు: 12 కార్బన్లు, 22 హైడ్రోజన్లు, 11 ఆక్సిజన్లు. పాలలోని లాక్టోజుకీ, మొలకెత్తిన రాగుల్లో పుట్టే మాల్టోజుకీ ఇదే లెక్క. జతకట్టే చక్కెరలూ, జతకట్టిన తీరూ వేరు. ఆ రెండింటిలో ఒక చెయ్యి ఖాళీగా ఉంటుంది. సుక్రోజులో మాత్రం ఇద్దరూ తమ చురుకైన చేతులతోనే ఒకరినొకరు పట్టుకుని ఉంటారు. అందుకే కాలేజీ ల్యాబులో బెనెడిక్ట్ ద్రావణం పోసి వేడిచేస్తే లాక్టోజు, మాల్టోజు ఇటుకరంగుకి దిగుతాయి, సుక్రోజు పోసిన గొట్టం నీలంగానే ఉండిపోతుంది. అంత గట్టి పట్టూ మన చిన్నపేగులోని ఎంజైము ముందు నిలవదు. విడిపోయిన గ్లూకోజు నెత్తుట్లో కలుస్తుంది. నువ్వు బెల్లంలోంచి వచ్చావా, పంచదారలోంచి వచ్చావా అని దాన్ని అక్కడ ఎవరూ అడగరు.

ఆ పట్టు విలువ బాగా తెలిసినవాణ్ణి అనకాపల్లి వైపు ఓ చెరకు గానుగ దగ్గర చిన్నప్పుడు చూశాను. పెద్ద పెనంలో రసం మరుగుతుంటే పక్కనే నిలబడి, బెండ కాడల జిగురు పోసి, పైకి తేలిన మడ్డిని గరిటెతో తీసేసేవాడు. ఆ రసంలో కాస్త సున్నపు తేట కలిపేవాడు. నరికి నిలవబెట్టిన చెరకు బండి వస్తే మాత్రం ఇంతెత్తున లేచేవాడు: “ఎప్పుడో కొట్టిన చెరకు తెచ్చి దిమ్మ కట్టమంటే ఎలారా?” నరికిన చెరకులో సుక్రోజు దానంతటదే విడిపోవడం మొదలవుతుంది. రసంలోని కొద్దిపాటి పులుపు, పెనం వేడి కలిసి ఇంకొంత విడగొడతాయి. సున్నం ఆ పులుపుని చంపుతుంది. విడిపోయిన చక్కెరలు ఎక్కువైతే బెల్లం గట్టిపడదు, వానాకాలంలో చెమ్మ పీల్చి కారిపోతుంది. ఆయన ల్యాబు మొహం చూడలేదు. పని మాత్రం తప్పేది కాదు.

మా అమ్మది సరిగ్గా ఎదురు పని. కాజాల పాకం తీగ సాగగానే నిమ్మచెక్క పిండేది. పులుపుకి సుక్రోజు కొంత విడిపోతుంది. ఆ ముక్కలు మధ్యలో అడ్డుపడటంతో మిగిలిన సుక్రోజు పలుకులు కట్టలేదు. గానుగ దగ్గర ఆయన కాపాడిన పట్టునే ఈవిడ కావాలని తెంచేది.

అలాగని బెల్లమూ పంచదారా ఒకటేనని తీర్పు రాసేస్తే అరిసె ఒప్పుకోదు. ఎంత సున్నం వేసినా బెల్లంలో విడిపోయిన చక్కెర కొంత ఉండనే ఉంటుంది. మిల్లులో పంచదారని కడిగి తీసేటప్పుడు అది మడ్డితో పాటే పోతుంది. ఉండపాకంలో తడిపిండి పోసి చలిమిడి చేసినప్పుడు ఆ కాస్తే తేమని పట్టి ఉంచి, పలుకు కట్టకుండా చూస్తుంది. పంచదారతోనూ అరిసెలు చేస్తారు, కాదనను. అవి తొందరగా గట్టిపడతాయి. అరిసెలకి బెల్లమే కావాలని మా నాయనమ్మ పట్టిన పట్టుకి కారణం రసాయనశాస్త్రంలోనే ఉంది.

కాబట్టి పెట్టె మీద ‘బెల్లంతో చేశాం, మెత్తగా ఉంటాయి’ అని రాసుకోండి, సంతకం నేనే పెడతాను. షుగరు ఉన్నవాళ్ళకో మాట: బెల్లం అరిసెనీ మిఠాయి లెక్కలోనే వేసుకోండి.