పెద్దల చేతిలో పిల్లల కథ

బాలుర కొరకు పుట్టిన అద్భుతకథను పెద్దల కొరకు తిరిగి చెప్పుట ఆధునిక సాహిత్యములో ఒక ప్రత్యేకశాఖగా ఏర్పడినది. రాక్షసి పక్షమున నిలిచి కథ నడుపుట, రాకుమారి మనస్సులోని చీకటిని వెలికి తీయుట, అందరును సుఖముగా నుండిరను ముగింపునకు ఆవల ఏమి జరిగెనో విచారించుట దాని సామాన్యలక్షణములు. ఇట్టి రచనలలో కొన్ని మూలకథను లోతు చేసినవి. పెక్కు దానిని ముడిసరుకుగా వాడుకొని విడిచినవి. ఈ భేదమెక్కడ కలుగుచున్నదో తెలిసికొనుటకు గుజరాతీ సాహిత్యములో సూరతు ప్రాంతము మంచి తావు. పిల్లల కథకు నెలవైన ఒక పత్రికయు, పిల్లల కథారూపమును పెద్దల కథకు ప్రాణముగా చేసిన ఒక రచయితయు ఆ ప్రాంతమునకు చెందినవారే.

తపతీతీరమున వెలసిన ఈ వర్తకనగరము నర్మద్ (1833–1886) కాలమునుండి గుజరాతీ వచనమునకు పుట్టినిల్లువంటిది. 'గాండీవ్' అను బాలల పక్షపత్రిక ఇచ్చటినుండియే వెలువడినది. 1936 మొదలు 1955 వరకు హరిప్రసాద్ వ్యాస్ ఆ పత్రికకు బకోర్ పటేల్ కథలు వ్రాసెను. బకోర్ పటేల్ ఒక మేక. అతని ఇల్లాలు శకరీ పటలాణి. ఆ మేకకు ఆప్తుడైన వాఘజీభాయి వకీలు ఒక పులి! వీరందరును బొంబాయి నగరమున మధ్యతరగతి గృహస్థులవలె బట్టలు తొడిగి, బంధువులను ఆదరించి, చిన్నచిన్న చిక్కులలో పడి, నవ్వుచు బయటపడుచుందురు.

ఈ కథలను పెద్దల కొరకు తిరిగి వ్రాయదలచినవానికి తోచు మొదటి ఉపాయము పులిచేత మేకను తినిపించుట. లోకమిట్టిదని చూపితినని అతడు సంతోషింపవచ్చును. కాని పులి మేకను తినునను సంగతి 'గాండీవ్' చదివిన ప్రతి బాలునకును ముందే తెలియును. తెలిసియుండియే అతడు వకీలుగారి ఇంటికి పటేలుతోకూడ వెళ్లుచున్నాడు. ఆ కథలోని అద్భుతము మేక మాటలాడుటలో లేదు. పులియు మేకయు ఇరుగుపొరుగుగా బ్రతుకుట సాధ్యమని పాఠకుడు అంగీకరించుటలో ఉన్నది. ఆ ఒడంబడికను చించివైచిన తిరుగుకథ బాలునకు తెలిసినదానినే పెద్దలకు క్రొత్తగా బోధించినట్లగును.

సురేశ్ జోషి (1921–1986) ఈ ఒడంబడికను చింపక పెద్దల కథ చెప్పగలిగినవాడు. అతని జన్మస్థలమైన వాలోడ్ బార్డోలీ చేరువలోని ఊరు. నాడది సూరతు ప్రాంతములోనిది. 2007లో తాపీ జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరినది. 1957లో వెలువడిన 'గృహప్రవేశ్' కథాసంపుటితో అతడు గుజరాతీ కథానిక దిశను మార్చెను. కథలో ఘటన తెరమరుగు కావలెనని అతని సిద్ధాంతము. దానిని విమర్శకులు 'ఘటనాతత్త్వ తిరోధానము' అని వ్యవహరింతురు. ఇట్టి సిద్ధాంతము గలవాడు ఘటనలే ప్రాణముగా గల రాజకుమారుని కథను ఆశ్రయించుట మొదట విపరీతముగా తోచును. 'థీగడుం' అను కథానిక చదివినచో ఆ వైపరీత్యము తొలగిపోవును.

'థీగడుం' అనగా చిరిగిన బట్టకు వేయు అతుకు. ప్రభాశంకర్ అను ఒంటరి వృద్ధుడు సూదిదారములతో కుస్తీపట్టుచు చిరుగును కుట్టుకొనుటకు యత్నించుచుండును. మనూ అను పిల్లవాడు వచ్చి కథ చెప్పుమనును. వృద్ధుడు చిరాయువను రాజకుమారుని కథ ఎత్తుకొనును. ముసలితనము సోకనీయని వస్త్రమొకటి ఆ రాజకుమారునకు లభించును. వరముతోపాటు నియమమును ఉండుట అద్భుతకథల ధర్మము గదా! ఆ వస్త్రము చిరుగుటయు, దానికి అతుకు వెదకవలసివచ్చుటయు కథను నడుపును.

పిల్లవాడు వినునది మాయావస్త్రమును గూర్చి. పాఠకుడు చూచునది వృద్ధుని చేతిలోని చిరుగు. ఈ రెండు వస్త్రములు ఒకటియేనని రచయిత ఎచ్చటను చెప్పడు. వృద్ధుని గతజీవితమును వరుసగా వర్ణింపవలసిన అవసరము అతనికి కలుగలేదు. ఆ భారమునంతయు రాజకుమారుని కథ మోసినది. ఘటన తెరమరుగగుట అనగా ఇదియే. ఈ కథానికలో అద్భుతకథ ఏమాత్రము మారలేదు. నియమము నియమముగానే ఉన్నది. ఎగతాళి లేదు, వ్యాఖ్యానము లేదు. మారినది వినికిడి మాత్రమే. ఒకే మాటను ఇద్దరు వినుచున్నారు. పెద్దవారి దుఃఖము ఆ ఇద్దరి నడుమనున్న దూరమునుండి పుట్టుచున్నది. పిల్లవానిని తొలగించినచో మిగులునది ఒక ముసలివాని విలాపము.

శ్రోత యొక్క ఈ ప్రాధాన్యము తెలుగు పాఠకులకు క్రొత్తది కాదు. మధిర సుబ్బన్న దీక్షితుల 'కాశీమజిలీ కథల'లో మణిసిద్ధుడు తనంతట తాను కథ చెప్పడు. వెంట నడచు గోపుడు మజిలీలో ఏదో వింతను చూచి అడుగవలెను. అప్పుడుగాని మణి వెలుగదు, కథ కదలదు. 'చందమామ' పాఠకులకు చిరపరిచితుడైన బేతాళుని కథలోను ప్రశ్నయే ప్రాణము. తెలిసియు సమాధానము చెప్పకున్న విక్రమార్కుని తల వ్రక్కలగును. చెప్పినచో మౌనభంగమై శవము చెట్టెక్కును. సమాధానము సరియైనదైనను పని మాత్రము నెరవేరదు. బాలుడు ఈ తమాషాను చూచి ఆనందించును. ఇందులోని విషాదమును పెద్దలు తీరికగా గ్రహింతురు.

ఆ విషాదమునే గిరీశ్ కర్నాడ్ తన కన్నడ నాటకము 'హయవదన' (1971) లో విస్తరించెను. తలలు తారుమారైన ఇద్దరు పురుషులలో ఆ స్త్రీకి భర్త ఎవడని బేతాళుని ప్రశ్న. శిరస్సే ప్రధానము గనుక భర్త తల గలవాడే భర్తయని ప్రాచీనకథ తీర్పు. జర్మను రచయిత థామస్ మాన్ 1940లో ఈ కథను తిరిగి వ్రాసి, తీర్పు తరువాత జరుగు సంసారమును చూపెను. కర్నాడ్ ఆ దారిననే నడచినను, ప్రాచీనమైన తీర్పును కొట్టివేయలేదు. నాటకములో శిరస్సే గెలుచును. ఎవని శరీరము వాని తలకు తగినట్లు క్రమముగా మారిపోవును. పద్మిని కోరిన సంపూర్ణత చేజారుటకు ఈ గెలుపే కారణమైనది. సమాధానము సత్యమైయుండియు ఓదార్పు కాలేదు. నాటకాంతమున పద్మిని కుమారుడు, నవ్వెరుగని పసివాడు, గుఱ్ఱమైన హయవదనుని చూచి నవ్వును. పెద్దల చిక్కుముడికి ముగింపు పలుకునది బాలుని నవ్వు. కర్నాడ్ కూడ బాలుని రంగమునుండి వెళ్లగొట్టలేదు.

పాశ్చాత్యదేశములలో ఈ శాఖ మరింత విస్తారమైనది. ఏంజెలా కార్టర్ 1979లో ప్రకటించిన 'ది బ్లడీ చేంబర్' సంపుటిలోని మొదటి కథ, షార్ల్ పెరో 1697లో ప్రకటించిన నీలిగడ్డము వాని కథకు పునఃకథనము. నిషిద్ధమైన గది, తాళపుచెవి, దానిపై చెరగని నెత్తుటిమరక యథాతథముగా ఉన్నవి. మూలములో సోదరులు వచ్చి నాయికను రక్షింతురు; కార్టర్ కథలో తల్లి తుపాకితో గుఱ్ఱమెక్కి వచ్చును. నియమము చెడలేదు, న్యాయము మాత్రము క్రొత్తది. గ్రెగరీ మగ్వాయర్ నవల 'వికెడ్' (1995) మార్గము వేరు. ఎల్. ఫ్రాంక్ బామ్ 1900లో సృష్టించిన మంత్రగత్తెకు అది పేరును, బాల్యమును, రాజకీయమును కల్పించినది. దుష్టతయను ముద్ర ఎట్లు పడునో చూపుట అందులోని గొప్పతనము. ప్రతి వింతకును కారణము చెప్పబూనుట దాని దౌర్బల్యము. కారణము తెలిసినకొలది పాత్రపై జాలి పెరుగును గాని, మాయాలోకము మామూలు లోకమునకు దగ్గరై వెలవెలబోవును.

పెద్దల కొరకు అద్భుతకథను తిరిగి చెప్పువారు ఒక అపోహకు లోనగుచుందురు. బాలుడు మోసపోయినవాడనియు, సత్యము తమ వద్దనే కలదనియు వారి భావన. ఈ భావన బలపడినచో నష్టపోవునది మూలకథ మాత్రమే కాదు. కథ వినక ముందే దాని గుట్టు తెలిసిన తరము ఒకటి పెరుగును. ఆ తరమునకు తిరిగి చెప్పుటకేమియు మిగులదు. చిరాయువు కథను మొదట నమ్మినవానికే ప్రభాశంకరుని చేతిలోని చిరుగు కనబడును. నమ్మకము లేనివానికి అది చిరిగిన గుడ్డ మాత్రమే.

కావున తిరుగుకథకు వేయదగిన ప్రశ్న ఇది: ఆ కథను వినుటకు పిల్లవాడొకడు ఇంకను అచ్చట కూర్చుండియున్నాడా? సురేశ్ జోషి కథానికలో వాడు కూర్చుండియున్నాడు. వృద్ధుని చేతిలో సూదియు, వాని కన్నులలో రాజకుమారుడును ఉన్నారు.